మూడో నెల బిడ్డను మూడు నిమిషాలు ముట్టుకోకుండా చూడటం ఎలా

పెరంబూరులో మా ఇరుగుపొరుగు నా ఉద్యోగం గురించి అడిగితే మా అత్తయ్య చెప్పే మాట ఒకటే: "మా కోడలు ఆస్పత్రిలో పసిపిల్లల వీడియోలు చూస్తుంది." ఇంత చదివించింది అందుకేనా అని పక్కింటావిడ అడిగిందట కూడా. అత్తయ్య చెప్పింది అబద్ధమేమీ కాదు. నేను ఫిజియోథెరపిస్టుని. పుట్టింది సూళ్లూరుపేటలో, పద్నాలుగేళ్లుగా ఉండేది చెన్నైలో. ఎన్ఐసీయూ (అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూ) నుంచి ఇంటికెళ్లిన పిల్లలు మళ్లీ చూపించుకోవడానికి వచ్చే గదిలో నా డ్యూటీ. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, తడ వైపు నుంచి వచ్చినవాళ్లు నా నోట తెలుగు వినగానే సంచులు కింద పెట్టేసి, కాన్పు నాటి కథంతా మొదటినుంచీ చెప్తారు. అంతా విన్నాక నేను వాళ్ల ఫోన్ అడుగుతాను. బిడ్డ వీడియో ఏదైనా ఉందా అని. ఉంటుంది. వందలుంటాయి. అన్నిట్లోనూ ఎవరో ఒకరు చిటికెలు వేస్తూ, గిలక్కాయ ఊపుతూ, "అత్తా అను, తాతా అను" అంటూ ఉంటారు. నాకు కావలసిన మూడు నిమిషాలు మాత్రం వెతికినా దొరకవు.

ఆ మూడు నిమిషాలు ఇంట్లో ఎలా తీయాలో, తీశాక అందులో ఏం చూడాలో రాస్తున్నాను. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, పుట్టగానే ఏడవని బిడ్డ, ఎన్ఐసీయూలో ఫిట్స్ వచ్చిన బిడ్డ, తల స్కాన్‌లో ఏదో తేడా ఉందన్న బిడ్డ ఉన్న ఇళ్లకు ఇది ఎక్కువ అవసరం. నెలలు నిండి, ఏ గొడవా లేకుండా పుట్టిన పిల్లల తల్లులు చదివినా నష్టం లేదు గానీ, చదివి లేని టెన్షన్ తెచ్చుకోవద్దు.

ఊరికే ఆడుకోవడం

కడుపు నిండి, మెలకువగా, ఏడుపేమీ లేకుండా వెల్లకిలా పడుకున్న బిడ్డ కాళ్లూ చేతులూ ఆడిస్తూనే ఉంటుంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ తాకలేదు, ఎదురుగా బొమ్మా లేదు. "ఆడుకుంటోంది, ఈలోగా కూర తాలింపు వేసేద్దాం" అని మనం వంటింట్లోకి వెళ్లే సమయం అది. నా పనంతా ఆ సమయంలోనే ఉంది.

ఈ కదలికలు ఎవరో కదిలిస్తే వచ్చేవి కావు, లోపలి నుంచి వాటంతటవే పుడతాయి. తల్లి కడుపులో తొమ్మిది పది వారాల పిండంగా ఉన్నప్పుడే మొదలవుతాయి. బిడ్డ కదిలిందని తల్లికి తెలిసేది ఆ తర్వాత ఎన్నో వారాలకు. మెదడు కాండంలోనూ వెన్నుపాములోనూ ఉన్న నరాల అల్లిక ఈ కదలికను పుట్టిస్తుంది. పైనున్న పెద్ద మెదడు దానికి రకరకాల వంపులు, వేగాలు, మలుపులు చేరుస్తుంది. పైనుంచి వచ్చే ఆ దారి దెబ్బతిన్నప్పుడు కదలిక ఆగిపోదు. అందులోని రకరకాలు పోతాయి. అదే కాలు అదే తీరుగా మళ్లీ మళ్లీ లేస్తుంది. అందుకే "కాళ్లు బాగా ఆడిస్తున్నాడు మేడం" అంటే నాకు సగమే తెలిసినట్టు. ఎలా ఆడిస్తున్నాడో చూస్తే గానీ మిగతా సగం తెలియదు.

దీన్ని మొదట పట్టుకున్నది హైంజ్ ప్రెక్టెల్ అనే ఆస్ట్రియా వైద్యుడు. అంతకు ముందు పసిపిల్లల నరాల పరీక్ష అంటే సుత్తితో మోకాలి మీద కొట్టడం, చెయ్యి లాగి వదలడం, తల వెనక్కి వాలనిచ్చి చూడటం. బిడ్డకు మనం ఏదో చేసి, బిడ్డ ఏం చేస్తుందో చూడటమన్నమాట. ప్రెక్టెల్ చేతులు కట్టుకుని చూశాడు, వీడియోలు తీయించాడు. 1990లో ఈ పద్ధతి గురించి రాశాడు. 1997లో ఆయన బృందం 130 మంది పిల్లల లెక్కలు లాన్సెట్ పత్రికలో వేసింది. మూడో నెల ప్రాంతంలో ఉండాల్సిన చిన్న కదలికలు సరిగ్గా ఉన్న పిల్లలు 70 మంది. వాళ్లలో 67 మంది రెండేళ్ల వయసుకు నరాల సమస్య లేకుండా ఉన్నారు. ఆ కదలికలు లేని, లేదా తేడాగా ఉన్న పిల్లలు 60 మంది. వాళ్లలో 57 మందికి ఏదో ఒక సమస్య తేలింది, ఎక్కువమందికి సెరిబ్రల్ పాల్సీ, అంటే చిన్నప్పుడే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపు తప్పే సమస్య. ఖరీదైన మిషనేమీ లేదు. ఒక కెమెరా, చూడటం నేర్చిన కళ్లు, అంతే.

సెరిబ్రల్ పాల్సీ ఉందని సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్ల మధ్యలో తేలేది. బిడ్డ కూర్చోలేదు, నడవలేదు అని తల్లి గమనించి తిరిగి తిరిగి వచ్చేసరికి అంత కాలం పట్టేది. 2017లో జామా పీడియాట్రిక్స్‌లో వచ్చిన అంతర్జాతీయ సిఫార్సుల ప్రకారం, ప్రమాదం ఉన్న పిల్లల్లో ఐదు నెలలలోపే దాన్ని బాగా నమ్మకంగా పట్టుకోవచ్చు. అందుకు ఎంఆర్ఐ, హామర్‌స్మిత్ నరాల పరీక్ష (బిడ్డ కదలిక, కండల బిగువు లాంటివి మార్కులు వేసి చూసేది), వీటితో పాటు ఈ కదలికల వీడియో కావాలి. మెదడు ఇంకా తనను తాను అల్లుకుంటున్న ఆ నెలల్లో థెరపీ మొదలుపెట్టడానికీ రెండేళ్లకు మొదలుపెట్టడానికీ చాలా తేడా ఉంది.

ముందు వయసు లెక్క

ఇది తప్పితే మిగతా అంతా తప్పు. వయసును బిడ్డ పుట్టిన తేదీ నుంచి లెక్కపెట్టకండి. డాక్టరు మొదటి స్కాన్‌లో రాసిచ్చిన డ్యూ డేట్ నుంచి లెక్కపెట్టండి. ఆ కాగితం ఎక్కడో ఫైలులో ఉంటుంది, వెతకండి. ఇంట్లో క్యాలెండరు మీద డ్యూ డేట్ దగ్గర గుండ్రం చుట్టి, అక్కడినుంచి వారాలు వేసుకుంటూ రండి. 9 వారాల నుంచి 20 వారాల మధ్య మనం చూడాలనుకున్న ఆ చిన్న కదలికలు కనబడతాయి. నేనైతే 12 నుంచి 16 వారాల మధ్య తీయమంటాను. అటూ ఇటూ కొంచెం జారినా మళ్లీ తీసుకోవడానికి టైముంటుంది.

ఈ లెక్క తప్పి నేనే ఒక ఇంటిల్లిపాదినీ పదిహేను రోజులు ఏడిపించాను. ఉద్యోగంలో చేరిన రెండో సంవత్సరం. నాయుడుపేట వాళ్లు, 31 వారాలకు పుట్టిన ఆడపిల్ల. ఫైలు మీద పుట్టిన తేదీ చూసి పదిహేడు వారాలు అనుకున్నాను, అంటే నాలుగు నెలలు. వీడియోలో ఉండాల్సిన కదలికలు లేవు. డాక్టరుకు చెప్పాను, ఆయన ఎంఆర్ఐ రాశారు. ఆ పిల్ల తల్లి నా ముందు ఏడవలేదు. రైల్లో సూళ్లూరుపేట దాకా ఏడుస్తూనే వెళ్లిందని తర్వాత తెలిసింది. రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు తలుపు దగ్గర కూర్చున్న నాయనమ్మ అడిగింది. "తొమ్మిది వారాలు ముందే వచ్చేసింది గదమ్మా ఇది. ఆ తొమ్మిదీ తీసేసి చూశారా?"

తీసేయలేదు. పదిహేడులో తొమ్మిది పోతే ఎనిమిది. ఎనిమిది వారాలకు ఆ కదలికలు ఇంకా రాకపోవచ్చు, రాకపోయినా తప్పులేదు. ఇంకో రెండు వారాలు ఆగి మళ్లీ తీసిన వీడియోలో, అంటే పన్నెండో వారంలో, శుభ్రంగా ఉన్నాయి. ఆ నాయనమ్మ గురించి చివర్లో మళ్లీ చెప్తాను.

ఏం కనబడాలి

పుట్టినప్పటి నుంచి డ్యూ డేట్ తర్వాత ఆరు నుంచి తొమ్మిది వారాల దాకా బిడ్డ కదలికలు పెద్దవిగా, నెమ్మదిగా, మెలికలు తిరుగుతూ ఉంటాయి. నిద్ర లేచి మనం ఒళ్లు విరుచుకున్నట్టు ఒక చెయ్యి లేస్తుంది, అది సగంలో ఉండగానే నడుము తిరుగుతుంది, కాలు చాచుకుంటుంది, మెడ పక్కకి వాలుతుంది. ఏది ముందు ఏది వెనక అన్న వరస ఉండదు. మెల్లగా మొదలై, పెరిగి, మెల్లగా ఆగుతుంది.

తర్వాత ఈ మెలికలు పోయి చిన్న కదలికలు వస్తాయి. మావాళ్లు ఫిడ్జెటీ అంటారు, తెలుగులో నాకు ఇంతవరకూ మంచి మాట దొరకలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టి, తెర్లడానికి ముందు గిన్నెలోకి చూశారా? అడుగున ఇక్కడో బుడగ, అక్కడో బుడగ, ఎక్కడ లేస్తుందో చెప్పలేం, కానీ ఆగదు. సరిగ్గా అలా. మణికట్టు దగ్గర ఒక చిన్న తిప్పు, వెంటనే చీలమండ దగ్గర ఇంకోటి, మెడలో, భుజంలో, తుంటిలో. అన్ని దిక్కులకూ. వేగం మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు. బిడ్డ మెలకువగా ఉన్నంతసేపూ సాగుతుంటాయి. ఏడిస్తే పోతాయి. దేన్నైనా గుడ్లప్పగించి చూస్తుంటే కూడా పోతాయి. ఈ రెండో సంగతి గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది. 20 వారాలు దాటేసరికి బొమ్మను అందుకోవడం, కాలు పట్టుకోవడం లాంటి కావాలని చేసే పనులు పెరుగుతాయి, ఈ బుడగలు నెమ్మదిగా కనుమరుగవుతాయి.

చూసేటప్పుడు ఒక్క కాలినో ఒక్క చేతినో పట్టుకుని చూడకండి. మొత్తం బిడ్డను చూడండి. ఒక చుక్కను చూసి ముగ్గు బాగుందో లేదో ఎవరూ చెప్పరు కదా. నేనూ వరసగా చాలా వీడియోలు చూస్తే కళ్లు మొద్దుబారతాయి, అన్నీ ఒకేలా కనబడతాయి. అప్పుడు లేచి టీ తాగి వచ్చి, సరిగ్గా ఉన్న ఒక పాత వీడియో వేసుకుని, కన్ను కుదిరాక మళ్లీ మొదలుపెడతాను.

ఇక తేడా ఎలా ఉంటుంది? మొదటి వారాల్లో అన్నిటికంటే భయపడాల్సినది ఒకటుంది. బిడ్డ ఒళ్లంతా, నడుము, కాళ్లు, చేతులు, అన్నీ దాదాపు ఒకేసారి కట్టెలా బిగుసుకుంటాయి. దాదాపు ఒకేసారి వదిలేస్తాయి. మళ్లీ బిగుసుకుంటాయి. ఈ తీరు వారాల తరబడి చూసినప్పుడల్లా అలాగే ఉంటే అది మంచి గుర్తు కాదు. మన ఇళ్లలో దీన్ని తప్పుగా చదవడం నేను చాలాసార్లు చూశాను. ఒక తాతయ్య అయితే గర్వంగా చెప్పాడు. "కాళ్లు చూడండి మేడం, ఇనపకడ్డీలు! నెలలు తక్కువైనా పట్టు చూడండి, ఇప్పుడే నిలబడతానంటున్నాడు." ఆయన రెండు చంకల కింద పట్టుకుని నిలబెడితే మనవడు మునివేళ్ల మీద నిలబడ్డాడు. నేను ఆయనకు వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. బిగుసుకోవడం బలం కాదని తెలుసుకోవడానికి నాకు కాలేజీలో నాలుగేళ్లు పట్టింది, ఆయనకు ఒక్క నిమిషంలో ఎలా చెప్పను? పైగా మునివేళ్ల మీద నిలబడటం ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం. చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి చూశాకే చెప్పాను.

ఒకే రకం కదలిక పదేపదే రావడం అంతకంటే తక్కువ తేడా. నెలలు నిండని పిల్లల్లో ఇది తరచూ కనబడి, చాలామందిలో తర్వాత సర్దుకుంటుంది. కాబట్టి మొదటి వారాల వీడియోలో అదొక్కటే చూసి ఎవరూ తీర్పు చెప్పరు. తీర్పుకు దగ్గరగా వెళ్లేది మూడో నెల వీడియోతోనే.

తీయడం

సమయం చూసుకోవడమే సగం పని. ఆకలితో ఉంటే ఏడుస్తుంది, పాలు తాగగానే మత్తుగా ఉంటుంది, నలుగు పెట్టి స్నానం చేయించి సాంబ్రాణి వేస్తే ఇక రెండు గంటలు లేవదు. చాలామంది పిల్లలకు పొద్దున లేచి, పాలు తాగి అరగంట దాటాక ఒక మంచి గడియ ఉంటుంది. కళ్లు తెరిచి, ముఖం ప్రశాంతంగా, కాళ్లూ చేతులూ ఆడుతూ. మీ బిడ్డకు అది ఎప్పుడో మీకే తెలుస్తుంది. రెండు రోజులు గమనించి పెట్టుకోండి.

చాప మీద గట్టి దుప్పటి పరిచి, పైన పూలూ ఏనుగులూ లేని సాదా బట్ట వేయండి. దాని మీద వెల్లకిలా పడుకోబెట్టండి. చీర ఉయ్యాలలో తీసిన వీడియో నాకు పనికిరాదు. ఇక్కడ తమిళ ఇళ్లలో తూళి అంటారు, మన ఇళ్లలోనూ దూలానికి వేలాడుతూ ఉంటుంది. పడుకోబెట్టడానికి అది భేష్. కానీ అందులో బిడ్డ ఒళ్లు గుండ్రంగా ముడుచుకుపోతుంది, భుజాలు రెండూ దగ్గరికొస్తాయి. ఒళ్లో పెట్టుకున్నా అంతే, కొంగు చుట్టినా అంతే.

బట్టలు తీసేయండి. డైపరు లేదా గోచీ ఒక్కటి చాలు. చేతి గ్లౌజులు, కాళ్ల సాక్సులు తప్పకుండా తీయండి. గోళ్లతో గీరుకుంటుందని మూడు నెలలు నిండినా గ్లౌజులు తీయని ఇళ్లున్నాయి. వేళ్లు, మణికట్లు కనబడకపోతే నాకు కావలసిన బుడగల్లో సగం గుడ్డలోనే ఉండిపోతాయి. దిష్టిచుక్క ఉండనివ్వండి, దాంతో నాకేం ఇబ్బంది లేదు. మొలతాడూ ఉండనివ్వండి. కాళ్ల మువ్వలు, చేతి నల్లగాజులు మాత్రం ఆ మూడు నిమిషాలకు తీసి పక్కన పెట్టండి. గలగలమంటే బిడ్డ ఆ చప్పుడు మీదకు పోతుంది. తేనెపీక నోట్లో ఉండకూడదు. బొటనవేలు చీకుతుంటే ఆగండి, చీకడం అయ్యాక తీయండి.

ఇప్పుడు ఫ్యాను. నేను చూసిన చెడిపోయిన వీడియోల్లో ఎక్కువ భాగానికి కారణం ఇదే, ఎవరూ ఊహించరు. మూడు నెలల బిడ్డకు సీలింగు ఫ్యాను కంటే ఇష్టమైన వస్తువు లోకంలో లేదు. వెల్లకిలా పడుకోబెట్టగానే కళ్లు దాని మీద పడతాయి, నోరు కొంచెం తెరుచుకుంటుంది, ఒళ్లంతా ఆగిపోతుంది. చూసేవాడికి కదలికలు లేవనిపిస్తుంది. ఉన్నాయి, ఫ్యాను మింగేసింది. అలాగని చెన్నైలో కత్తిరి ఎండల్లో ఫ్యాను ఆపి పడుకోబెడితే రెండో నిమిషానికి చెమటపట్టి ఏడుపు. నేను చెప్పే ఉపాయం చాపను ఫ్యాను కింద నుంచి గోడ వైపు జరపడం. నేరుగా కళ్లకు కనబడకుండా, గాలి మాత్రం తగిలేలా. టేబుల్ ఫ్యాను ఉంటే తల వెనక దూరంగా పెట్టండి. ఏసీ ఉంటే మరీ చల్లగా వద్దు, చలికి ముడుచుకుంటుంది. పక్కనే టీవీ ఉంటే కట్టేయండి. కిటికీ వెలుతురు నేరుగా కళ్లలో పడకుండా చూసుకోండి.

తీసేవాళ్లు బిడ్డ కాళ్ల వైపు నిలబడాలి. ఫోను అడ్డంగా పట్టుకుని, తల నుంచి పాదాల దాకా, చేతులు పూర్తిగా చాచినా ఫ్రేము దాటకుండా చూసుకోవాలి. ముఖం కనబడాలి, ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియాలి కదా. మోచేతులు మీ పక్కలకు ఆనించుకుంటే చెయ్యి వణకదు. జూమ్ వద్దు. ఫోను బిడ్డ ముఖానికి దగ్గరగా పెడితే అదే ఇంకో ఫ్యాను అవుతుంది. మూడు నిమిషాలు తగ్గకూడదు, ఐదు అయితే ఇంకా మంచిది. మధ్యలో ఆపి అతికించకండి, వెనక పాట పెట్టకండి. మాటలెందుకు, పాటలతో వచ్చిన వీడియోలు కూడా చూశాను.

ఇక అన్నిటికంటే కష్టమైనది. ఎవరూ పలకరించకూడదు. మన ఇంట్లో బిడ్డ కళ్లు తెరిచి ఒంటరిగా పడుకుని ఉంటే దారిన పోయే ప్రతి మనిషీ వంగి ఏదో ఒకటి అంటాడు. పాలవాడు కూడా అంటాడు. కాబట్టి తలుపు వేసేయండి. పెద్ద పిల్లలుంటే వాళ్లను బయట ఆడుకోమనండి. తల్లి అక్కడుంటే బిడ్డ తల్లినే చూస్తుందనుకుంటే, తల్లి బయటకు వెళ్లి నాన్న తీయడం మేలు. నాన్నలు నిజానికి బాగా తీస్తారు, ఎందుకంటే ఏం మాట్లాడాలో వాళ్లకు తోచదు.

మధ్యలో ఏడుపు మొదలైతే ఆపేసి ఎత్తుకోండి. వీడియో కోసం ఏడుస్తున్న బిడ్డను వదిలేయక్కర్లేదు. సాయంత్రమో రేపో మళ్లీ తీయొచ్చు. జ్వరం ఉన్న రోజు, టీకా వేయించిన రోజు తీయకండి.

పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే మసకబారుతుంది, డాక్యుమెంటుగా పంపండి. పైన మూడు విషయాలు రాయండి: తీసిన తేదీ, డ్యూ డేట్, ఎన్ని వారాలకు పుట్టింది. బిడ్డ ఒంటి మీద బట్టలుండవు కాబట్టి ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి, చూడాల్సినవాళ్లకు ఒక్కరికే పంపండి.

చూపించాక

మీరు మీ కళ్లతో చూసి "ఉన్నాయి" అనుకున్నా, "లేవు" అనుకున్నా అది ఆఖరి మాట కాదు. దీనికి ప్రత్యేకంగా శిక్షణ తీసుకున్నవాళ్లే చూసి చెప్పాలి. పిల్లల ఆస్పత్రుల్లో నవజాత శిశు విభాగానికి వెళ్లి, కదలికల వీడియో చూసేవాళ్లు ఉన్నారా అని అడగండి. ప్రభుత్వ పరంగా జిల్లాల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డీఈఐసీ అనే కేంద్రాలు నడుస్తాయి, పిల్లల ఎదుగుదల పరీక్షలు, థెరపీ అక్కడ ఉచితం. చెన్నై దాకా వచ్చేవాళ్లకు ఈసీఆర్ రోడ్డులో ముట్టుకాడు దగ్గర నిప్మెడ్ అనే, ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలున్నవాళ్ల కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. కొట్టూరుపురంలో సెరిబ్రల్ పాల్సీ లాంటి వైకల్యాలున్న పిల్లలతో పనిచేసే విద్యాసాగర్ అనే సంస్థ ఉంది, 1985లో స్పాస్టిక్స్ సొసైటీ పేరుతో మొదలైంది.

ఫిడ్జెటీ కదలికలు ఉన్నాయంటే సెరిబ్రల్ పాల్సీ వచ్చే అవకాశం చాలా తక్కువ అని. మాటలు, చూపు, వినికిడి, తెలివి గురించి అది హామీ ఇవ్వదు, వాటి పరీక్షలు వాటికున్నాయి. లేవంటే ఏం చేయాలి? ముందు డ్యూ డేట్ లెక్క సరిచూడండి. తర్వాత ఒకటి రెండు వారాల్లో మళ్లీ వీడియో. అప్పుడూ లేకపోతే ఎంఆర్ఐ, నరాల పరీక్ష. అవి పూర్తయ్యేదాకా ఆగకుండా థెరపీ మొదలు. థెరపీ అంటే కాళ్లు పట్టుకుని సైకిల్ తొక్కించడం అనుకోకండి. బిడ్డ తనంతట తాను చెయ్యి చాచేలా, తిరిగేలా, అందుకునేలా ఇంట్లో పరిస్థితులు ఏర్పాటు చేయడమే అందులో ఎక్కువ.

నూనె మర్దనాతో కదలికలు వస్తాయా అని ప్రతి నాయనమ్మా అడుగుతుంది. బిడ్డకు హాయిగా ఉంటుంది, చేసుకోండి, ముక్కులో నూనె మాత్రం పోయకండి. కదలికలకూ దానికీ సంబంధం లేదు.

రెండు సంగతులు ఈ వీడియోలతో కలిపేయకూడదు. గడ్డం, చేతులు చిన్నగా వణుకుతుంటే మీ చెయ్యి మెత్తగా వాటి మీద పెట్టండి. ఆగిపోతే మామూలు వణుకు కావచ్చు. ఆగకపోతే, కళ్లు ఒక పక్కకు తిరిగిపోతే అది ఫిట్స్ కావచ్చు. రెండోది ఇంకా ముఖ్యం. మూడు నుంచి ఎనిమిది నెలల మధ్య, చాలావరకు నిద్ర లేవగానే, బిడ్డ తల ముందుకు ఊగి, చేతులు ఒక్కసారిగా విసిరినట్టు చాచుకుని, ఒకటి రెండు సెకన్లు బిగుసుకుని వదిలేసి, కొన్ని సెకన్లకే మళ్లీ అలాగే, వరసగా చేస్తే అది కడుపునొప్పి అనో ఉలికిపాటు అనో సర్దిచెప్పుకోకండి. అప్పటికప్పుడు ఫోనులో తీసి, అదే రోజు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ రకం ఫిట్స్‌కు రోజులు ఆలస్యమైనా మెదడుకు నష్టమే. ఇక్కడ మాత్రం ఫ్రేమూ వెలుతురూ ఏమీ చూసుకోవద్దు, ఎలా వస్తే అలా తీయండి.

ఆ నాయుడుపేట నాయనమ్మ సంగతి చెప్తానన్నాను. పన్నెండో వారం వీడియో తీసింది ఆవిడే. కోడలికి చేతులు వణుకుతున్నాయని ఫోను తను తీసుకుందట. అప్పటివరకూ ఆవిడ ఫోనులో వీడియో తీయలేదు. నేను చెప్పినవన్నీ చేసింది. గచ్చు మీద చాప, సాదా తెల్ల పంచె, ఫ్యాను కింద నుంచి పక్కకు. వీడియోలో ఎవరి గొంతూ లేదు. ఎక్కడో కుక్కరు రెండు కూతలు వేసింది. పాప గోడ వైపు చూస్తోంది, దేన్నీ చూడటం లేదు. మొదటి అర నిమిషం ఏమీ లేదు. తర్వాత కుడి మణికట్టు ఒకసారి తిరిగింది. ఎడమ చీలమండ. మెడ. మళ్లీ మణికట్టు, ఈసారి ఎడమది. వీడియోను వెనక్కి జరిపి మూడుసార్లు చూశాను. మూడు నిమిషాల పదో సెకనులో ఆవిడ ఇక ఉండలేకపోయింది. ఎర్రగాజుల చెయ్యి ఒకటి ఫ్రేములోకి వచ్చి పాప పొట్ట మీద వాలింది, "ఇంక చాలా తల్లీ" అన్నది నన్నో, పాపనో.